రమణమ్మ చదివిన నవల

ఆ మాట పుస్తకంలో లేదు.

ఫణిశ్రీ ఆ పేజీని మళ్ళీ మొదటినుంచీ చదివింది. ఆమె చదువు నిదానం. హిందీ మీడియంలో చదువుకున్న పిల్ల, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకుంది. ఒత్తు దగ్గర ఆగి, వాక్యం కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతుంది. అందుకే ఏదో ఒక వరస దాటేసి ఉంటానని ముందు తన మీదే అనుమానపడింది. హిందీ మాట్లాడే ఆ ఊళ్ళోని పండరీ హోల్‌సేల్ మార్కెట్లో ఆమె బిల్లులు కొట్టే బట్టల దుకాణానికి అది భోజనాల వేళ. సేఠ్‌జీ ఇంటికి వెళ్ళాడు. తానుల వెనక, లైనింగ్ గుడ్డ మూటకు వీపు ఆనించి కూర్చుంది ఫణిశ్రీ. టిఫిన్ డబ్బా మూత తీసే ఉంది. అన్నం ముట్టుకోలేదు.

నవల పేరు 'తోటవారి కోడలు'. రాసినాయన జొన్నాడ సూర్యప్రకాశం. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో తెలుగు సంఘం గదిలో ఆయన ఫోటో ఉంది, దానికి ఏడాదికోసారి మారే గంధపు దండ ఉంది. రైల్వే వ్యాగన్లు బాగుచేసే షాపులో పనిచేసే ఆ కాలనీ తెలుగువాళ్ళలో ఆయన పుస్తకం పట్టుకుని చదివినవాళ్ళు ఎందరో తెలియదు గానీ, ఆయన రాసిన కనకాంగి తెలియని ఆడమనిషి మాత్రం లేదు. మొగుడు పోయిన కనకాంగి ముందు మరిది కాగితం పెట్టి, "సంతకం పెట్టొదినా, చేతిలో పనేగా" అంటాడు. పొలం తన పేర రాయించుకోడానికి. కనకాంగి కలం పక్కన పెట్టేసి అంటుంది: "ఈ చేత్తో నాకింకా పనుంది."

ఈ మాట కాలనీలో అరిగిపోయేంత వాడకంలో ఉంది. కుళాయి దగ్గర బిందె పక్కకి జరపమంటే ఈ మాటే. మొగుడు మూడోసారి టీ అడిగితే ఈ మాటే. చిన్నప్పుడు హోంవర్కు చూసి రాసుకుంటానన్న పిల్లకు ఫణిశ్రీ హిందీలో తర్జుమా చేసి మరీ చెప్పింది. ఆ మాటను కళ్ళతో చూడాలనే ఆమె తెలుగు నేర్చుకుంది.

పుస్తకంలో ఏముందంటే, కనకాంగి చిరునవ్వుతో సంతకం పెట్టింది. "ఆ సిరా ఆరకముందే ఆమె మనసులోని తడి ఆరిపోయింది. ఆ సంతకం తోటవారి వంశం నుదుట దిద్దిన తిలకమై మెరిసింది" అని రాశాడాయన. తర్వాత రెండు పేజీల పొడుగున త్యాగాన్ని పొగిడాడు. ఆపైన కనకాంగి వంటింట్లోకి వెళ్ళింది. నవల అయ్యేదాకా మళ్ళీ బయటికి రాలేదు.

నవల మొదట్లో ఏటి ఒడ్డు వర్ణన చదువుతూ ఫణిశ్రీ మురిసిపోయింది. తెల్లవారుజామున రేవులోకి పడవ వచ్చే చోట, ఎంత చక్కగా రాశాడు మహానుభావుడు అనుకుని పైకి చదువుకుంది కూడా. తర్వాత ఇటుకల బట్టీలో పనికొచ్చిన కూలీలు వచ్చారు. వాళ్ళు శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు. "ఏటి బావు, నానేటి సేసినాను" అంటారు. వాళ్ళు నోరు విప్పినప్పుడల్లా నవలలో పెద్దమనుషులు పగలబడి నవ్వుతారు, చదివేవాళ్ళనూ నవ్వమంటాడు రచయిత. ఆ మాటతీరు ఫణిశ్రీ తల్లిది. నవల మొత్తంలో తన ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు వాళ్ళొక్కరే, వాళ్ళున్నది నవ్వులాటకి. చిన్నప్పుడు రమణమ్మ చదువుతుంటే విన్న నవలలో ఆ కూలీలు ఉన్నారు. వాళ్ళను చూసి ఎవరూ నవ్విన గుర్తు లేదు.

ఫణిశ్రీకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఇంత గొప్పవాడివి, నీకు ఈమాత్రం తెలీలేదా అని ఆయన్ని దులిపెయ్యాలనిపించింది. అట్ట మీద ఆయన బొమ్మ ప్రశాంతంగా ఉంది.

అప్పుడు ఆదివారం గుర్తొచ్చింది.

ఆదివారం సాయంత్రం సూర్యప్రకాశం గారి శతజయంతి సభ. ఈ కొత్త ముద్రణను పరిష్కరించిన ప్రొఫెసర్ గారు రాజమండ్రి నుంచి ముఖ్య అతిథిగా వస్తున్నారు. సంఘం కార్యదర్శి సూరిబాబు గారు పార్సెల్ విప్పి మొదటి కాపీ ఫణిశ్రీకే ఇచ్చి, పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆమె మాటలకు ముందు నాటిక ఉంది. ఒకప్పుడు కాలనీ ఆడవాళ్ళకు ఈ నవల చదివి వినిపించిన రమణమ్మ స్టేజీ పక్కన కూర్చుని చదువుతుంది, ఆడవాళ్ళు నటిస్తారు. ఒకటే దృశ్యం. సంతకం దృశ్యం.

కనకాంగి వేషం ఫణిశ్రీ తల్లి సరోజినిది.

*

రమణమ్మ కాలనీ బయట ఖమ్తరాయిలో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. భర్త రామయ్య ఫిట్టరుగా రిటైరయ్యాక క్వార్టరు వదిలి అక్కడ చేరింది. మర్నాడు దుకాణం కట్టేశాక ఫణిశ్రీ వెళ్ళేసరికి వాకిట్లో చాట ముందు పెట్టుకుని ఎండు మెత్తళ్ళ తలలు గిల్లుతోంది. పలాస నుంచి ఎవరో తెచ్చిచ్చినవి.

"రా తల్లీ. ఆ పీట లాక్కో. పులుసు ఎట్టి మీ అమ్మకి పంపిద్దునని చేస్తన్నాను."

ఫణిశ్రీ పీట లాక్కుంది. సంచీలోంచి పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది. రమణమ్మ వేళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పనిలో పడ్డాయి.

"వచ్చీసినాదేటి పొస్తకం?"

"వచ్చింది పెద్దమ్మా. నీ కాపీ చెదలు తినేసిందన్నావు కదా. ఇది కొత్తది."

"సదివినావా?"

"చదివాను. బాగోలేదు."

రమణమ్మ తల ఎత్తలేదు. ఒక చేప తల గిల్లింది, ఇంకోటి గిల్లింది. గిల్లిన తలలు ఒక పక్క, ఒళ్ళు ఒక పక్క. పిల్లి గోడ మీద కూర్చుని ఇదంతా చూస్తోంది.

"ఏరు బాగుంటాది," అంది రమణమ్మ చివరికి.

"ఏరు బాగుంది. మనుషులే బాగోలేరు. కనకాంగి సంతకం పెట్టేసింది పెద్దమ్మా. నవ్వుతూ పెట్టింది. మనవాళ్ళు కూలీలుగా వచ్చినచోట అందరూ నవ్వుతున్నారు. నువ్వు చదివింది ఏ పుస్తకం? నేను నమ్మి, మతలబ్... అంటే, రెండేళ్ళు కూర్చుని గుణింతాలు నేర్చుకున్నాను. నేర్పింది కూడా నువ్వే."

"నేర్పకుండా ఉందామనే చూసినాను. నువ్వు వొదిల్తే కదా."

ఆ మాటతో ఫణిశ్రీకి అంతా అర్థమైంది. అర్థమైనా నోటితో వినాలని కూర్చుంది. రమణమ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. ఎంత తుడిచినా వాసన పోదు, ఆమె మాత్రం తుడుస్తూనే ఉంది.

"నాను ఒకరోజు ముందు సదువుకుని, మర్నాడు మజ్జానం మీకు సదివీదాన్ని. ఆ పేజీ ముందురోజు సదివినాను. మూడుసార్లు సదివినాను, తప్పు సదివినానేమోనని. ఆయనంటే నాకు దేవుడే. ఇంత మనిషి ఇలగ రాసినాడేటి అని వొంటింట్లో కూకుని ఏడిసినాను. మీ పెద్దనాన్న ఏటైనాదే అంటే ఉల్లిపాయలన్నాను."

"మరి?"

"మర్నాడు మీ అమ్మ వచ్చినాది. మీ నాన్న కామెర్లతో పోయి, దినవారాలు ఐపోయి, గుమ్మం దాటి మొదటిసారి వచ్చినాది. నువ్వు దాని కొంగట్టుకుని ఉన్నావు. ఇంట్లో మీ చిన్నాన్న కాయితం పట్టుకుని కూకున్నాడు. మీ నాన్న అచ్చయ్య ఉద్యోగం రైల్వేవోళ్ళు ఇంట్లో ఒకళ్ళకిస్తారు గదా, అది తనకే ఇమ్మని మీ అమ్మ చేత రాయించుకోడానికి. కాలనీ అంతా అదే మాట. ఆడమనిషి వ్యాగన్ షాపుకేటి ఎల్తాది, సంతకం పెట్టీసి ఊరెల్లిపోతాదిలే అని. అది వచ్చి నా పక్కన కూకున్నాది. ఆ అచ్చేసిన మాట ఆ పిల్ల చెవిలో ఎలగ పొయ్యమంటావే?"

తన తల్లి ఆ సాయంత్రం ఇంటికొచ్చి చిన్నాన్నకు అన్నం వడ్డించి, కాగితం మడిచి ఆయన చేతికే ఇచ్చేసి ఏమందో ఫణిశ్రీకి గుర్తుంది. ఆమెకు అప్పుడు పదేళ్ళు. ఈ చేత్తో నాకింకా పనుంది.

"మీ అమ్మకి చెప్పకే," అంది రమణమ్మ. "అంత పెద్దాయన రాసినాడు గదా అని ధైర్నం తెచ్చుకున్నాది అది. ఫిట్టరు పెళ్ళాం కల్పించి అన్నాదని తెలిస్తే దానికేటి మిగుల్తాది? ఈ నాటిక వొద్దని సూరిబాబుకి ఎన్ని తీర్ల చెప్పినానో. ఎందుకని అడిగితే ఏటి చెప్పను? నాను రాను ఆదివారం. మోకాళ్ళు నొప్పని చెప్పీ."

"నువ్వు రాకపోయినా అమ్మ ఆ మాట అంటుంది పెద్దమ్మా. ఆ ప్రొఫెసరు ముందే అంటుంది. పుస్తకం అచ్చువేయించినాయన. అందరిలో లేచి, ఇది నవలలో లేదమ్మా, ఎక్కడిది అంటే?"

రమణమ్మ చాట వంక చూస్తూ ఉండిపోయింది. గిల్లాల్సినవి ఇంకా సగం ఉన్నాయి.

*

అమ్మకు చెప్పడం కంటే సూరిబాబు గారికి చెప్పి దృశ్యమే మార్పించడం నయమనుకుంది ఫణిశ్రీ. శుక్రవారం సాయంత్రం సంఘం గదిలో ఆయన బ్యానరు విప్పి అక్షరదోషాలు చూస్తున్నారు. వ్యాగన్ షాపులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, కాకినాడ మనిషి. ఏటా ఇదే గదిలో 'తోటవారి కోడలు' మీద ఉపన్యాసం ఇస్తారు.

"సార్, సంతకం దృశ్యం కాకుండా పడవ దృశ్యం వేద్దాం."

"అదేమిటమ్మా! నవలకి ప్రాణం అదే కదా."

ఫణిశ్రీ పేజీ తీసి చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మళ్ళీ దింపి, నిలబడే చదివారు. చదువుతున్నకొద్దీ బ్యానరు ఆయన చేతిలోంచి మెల్లగా నేల మీదికి జారింది.

"ఇదేమిటి?"

"మీరు చదవలేదా సార్?"

"చదివాను. చిన్నప్పుడు... చదివిన గుర్తే." ఆయన కుర్చీలో కూలబడ్డారు. "మా ఆవిడ రోజూ రమణమ్మగారి దగ్గర విని వచ్చి చెప్పేది. అంత బాగా చెప్తుంటే మళ్ళీ చదవడమెందుకులే అని..."

ఇంకో సమయమైతే ఫణిశ్రీ నవ్వేది. సూరిబాబు గారి ముఖం చూసి నవ్వలేకపోయింది. ఆయన భయపడిపోయారు. ప్రొఫెసర్ గారు మూలానికి ఒక కామా మారినా ఊరుకోరట. ఏదో ఊళ్ళో నాటకం మధ్యలో లేచి ఆపించారట. ఇన్నేళ్ళుగా తను ఉపన్యాసాల్లో ఆ లేని మాటనే పొగిడానని ప్రొఫెసర్ గారికి తెలిస్తే పరువు గంగలో కలుస్తుందని సూరిబాబు గారు గదిలో అటూ ఇటూ తిరిగారు. తిరిగి తిరిగి ఫోటో ముందు ఆగారు.

"దృశ్యం మార్చొద్దు. ఆహ్వానంలో అచ్చయిపోయింది. పుస్తకంలో ఎలా ఉందో అలాగే వేద్దాం. రమణమ్మగారు పుస్తకం చూసి చదువుతారు. మీ అమ్మగారు సంతకం పెడతారు. అంతే."

"అమ్మ సంతకం పెట్టడమేంటి సార్?"

"నాటకమేగా తల్లీ!"

"నాటకమే. మా అమ్మ సంగతి మీకు తెలుసు కదా. తెలిసే అంటున్నారా?"

ఆయన బ్యానరు మడత పెట్టడంలో మునిగిపోయారు. ఆయన చెడ్డవాడు కాదు. సరోజిని షాపులో చేరిన కొత్తలో, ఆడదానికి ఇక్కడ పనేమిటన్నవాళ్ళకు అడ్డుపడి ఆమెను పెయింట్ షాపులో వేయించింది ఆయనే. అది ఫణిశ్రీకి తెలుసు గనకే మరీ కోపం వచ్చింది.

శనివారం రిహార్సల్లో ఆయన సరోజినికి కొత్త సంగతి చెప్పారు, ఆమె ముఖం చూడకుండా. పుస్తకంలో వేరేగా ఉందనీ, ఇన్నాళ్ళూ మనం పొరపాటుగా గుర్తుపెట్టుకున్నామనీ, మూలాన్ని గౌరవించాలనీ. మరిది వేషం వేస్తున్న భాగ్యశ్రీ పెట్టుడుమీసం చేతిలో పట్టుకుని నోరు తెరిచింది.

"అయితే నానిప్పుడు సంతకం ఎట్టాలి," అంది సరోజిని.

"అవునమ్మా. చిరునవ్వుతో."

సరోజిని కుడిచేతి బొటనవేలి గోటిలో ఇరుక్కున్న తెల్లరంగును ఎడమచేతి గోటితో గీకింది.

"సరే," అంది.

*

ఇంటికి నడిచినంతసేపూ ఫణిశ్రీ తల్లికి రెండడుగులు ముందే ఉంది. ఆమెకు తల్లి మీద కూడా కోపంగా ఉంది. సరే అనడమేమిటి? ఆనాడు ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరికీ లొంగని మనిషి, నలుగురిలో వేషం కోసం సరే అంటుందా?

సరోజిని వాకిట్లో కూర్చుని కిరసనాయిలు గుడ్డతో చేతులు రుద్దుకుంటోంది. పెయింట్ షాపులో ఆమె పని వ్యాగన్ల మీద నెంబర్లు వెయ్యడం. రేకులో కోసిన అంకెను వ్యాగన్ ఒంటికి అదిమిపట్టి, పొట్టి కుంచెతో తెల్లరంగు అద్దాలి. రేకు కదిలిందా అంకె చెడుతుంది. పెద్దగా చదువు లేని ఆ మనిషి వేసిన నెంబర్లతో వ్యాగన్లు దేశమంతా తిరుగుతున్నాయి. రెండు చేతులకూ రంగు, మోచేతుల దాకా.

"అమ్మా, నీకో మాట చెప్పాలి."

"రమణమ్మప్ప కల్పించి సదివినాదని గదా," అంది సరోజిని గుడ్డ మడత మారుస్తూ.

ఫణిశ్రీ గడప మీద కూర్చుండిపోయింది.

"సూరిబాబుగారు చెప్పారా?"

"ఆయనేటి చెప్తారు, ఆయనకే నిన్న తెలిసినాది. నాకు సదువు రాదు గానీ కళ్ళు లేవేటి? ఆ రోజు అప్ప పక్కనే కూకున్నాను. ఎవుల మొకం చూడలేక పొస్తకం కేసే చూసుకుంటా కూకున్నాను. మరిది కాయితం తెచ్చినాడన్నంతవరకూ చూసి సదివినాది. అక్కడ ఆగిపోనాది. నా కేసి చూసినాది. పొస్తకం మూసీసి, లోపల ఏలు ఎట్టుకుని, మళ్ళీ సదవడం మొదలెట్టినాది. మూసిన పొస్తకం ఎవులు సదువుతారే?"

పక్కింట్లో ఎవరో కుక్కరు దింపారు. సరోజిని గుడ్డను సీసా మీద పెట్టి, సబ్బు అందుకుంది. ఫణిశ్రీ చెంబుతో నీళ్ళు పోసింది.

"తెలిసి కూడా... మరి ఆ మాట నువ్వు..."

"తెలిసే అన్నాను. సూరప్రకాశంగోరు ఎవులో నాకేటి తెలుసు? ఆయనకి నానెవుల్నో తెలుసేటి? అప్పకి తెలుసు. నా ఇంట్లో బియ్యం ఎన్నున్నాయో కూడా తెలుసు. నన్నెరిగిన మనిసి నా కేసి చూసి చెప్పినాది గనకే ఇన్నాను. పొస్తకంలోది అయితే ఇందునో లేదో."

"రమణమ్మ పెద్దమ్మ నీకు తెలీదనే అనుకుంటోంది. తెలిస్తే నీకు ఏమీ మిగలదని ఏడుస్తోంది. ఇన్నేళ్ళూ చెప్పలేదేం అమ్మా?"

"చెప్పీస్తే సిగ్గుపడిపోదేటి? మళ్ళీ ఇంకోదాని కోసం పొస్తకం మూస్తాదా?"

ఫణిశ్రీ చేతిలో చెంబు ఆగింది. సబ్బు నురగతో తల్లి చేతులు ముందుకు చాచి ఉన్నాయి. ఇన్ని రోజులుగా తను కాపాడాలని తంటాలు పడుతున్న మనిషికి ఏ కాపుదలా అక్కర్లేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. సంతోషమూ వేసింది, ఉడుకుమోత్తనమూ వచ్చింది.

"మరి రేపు సంతకం పెడతావా?"

"నీళ్ళు పొయ్యి," అంది సరోజిని. చేతులు కడుక్కుని, తుడుచుకుని, లోపలికి వెళ్ళబోతూ ఆగింది. "అప్ప రానంటాది. నువ్వెళ్ళి తీసుకురా. అప్ప లేకపోతే నానూ స్టేజీ ఎక్కను. నాకు తెలుసునని మాత్రం చెప్పకు."

*

రమణమ్మను తీసుకురావడం తేలిక కాలేదు. మోకాళ్ళన్నది, కళ్ళన్నది, చీరలేవీ ఉతకలేదన్నది. "అమ్మ ఒక్కర్తీ స్టేజీ మీద ఉంటుంది పెద్దమ్మా" అన్నాక లేచింది. ఆటోలో వస్తున్నంతసేపూ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అట్ట తడుముతూ కూర్చుంది. సూరిబాబు గారు ఉదయమే మనిషిని పంపి, అచ్చులో ఉన్నదున్నట్టు చదవమని చెప్పించారట. "ఆ రోజు సదవలేనిది ఈ రోజు సదవాలి," అంది ఒకసారి. ఫణిశ్రీ నోరు కట్టేసుకుని బయటికి చూసింది.

హాలు నిండింది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ముందు వరసలో ప్రొఫెసర్ గారి పక్క కుర్చీ ఫణిశ్రీది. సన్నటి మనిషి, మర్యాదగా పలకరించారు. ఆమె తెలుగు చదవడం నేర్చుకుని మరీ ఈ నవల చదివిందని విని మెచ్చుకున్నారు.

"నచ్చిందా అమ్మా?"

"మాట్లాడేటప్పుడు చెప్తాను సార్," అంది ఫణిశ్రీ.

తెర తీశారు. స్టేజీకి ఒక పక్క కుర్చీలో రమణమ్మ, చేతిలో కొత్త పుస్తకం. మధ్యలో చాప మీద సరోజిని తెల్లచీరలో. రమణమ్మ గొంతు మొదట పీలగా వచ్చింది. రెండు వాక్యాలయ్యేసరికి అది పాత గొంతే. ఫణిశ్రీకి చిన్నప్పటి మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. బెండకాయలు తరిగే చప్పుడు, షాపు సైరను, మధ్యలో ఈ గొంతు. ప్రొఫెసర్ గారు తన కాపీ తెరిచి, వేలితో వరసలు అనుసరిస్తూ తృప్తిగా తలాడిస్తున్నారు.

భాగ్యశ్రీ మీసంతో, భుజాన కండువాతో వచ్చి కాగితం చాప మీద పరిచింది. కలం చాచింది.

"సంతకం పెట్టొదినా. చేతిలో పనేగా."

రమణమ్మ తర్వాతి వాక్యం చదవాలి. చదవలేదు. పుస్తకాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పెట్టింది. తెర పక్కనుంచి సూరిబాబు గారు చెయ్యి ఊపుతున్నారు. ప్రొఫెసర్ గారు తలెత్తి చూశారు. భాగ్యశ్రీ చాచిన కలం అలాగే ఉంది, మీసం ఒక పక్క ఊడుతోంది.

"కనకాంగి..." అంది రమణమ్మ. "కనకాంగి చిరునవ్వుతో..." అక్కడే ఆగిపోయింది.

సరోజిని కలం అందుకుంది. అమ్మా వద్దు అనుకుంది ఫణిశ్రీ, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని. సరోజిని కలాన్ని ఒకసారి చూసి, కాగితం పక్కన చాప మీద పెట్టేసింది. మరిది వైపు తిరగలేదు. కుర్చీ వైపు తిరిగింది.

"అప్పా, పొస్తకం మూసీ."

రమణమ్మ సరోజిని వంకే చూస్తోంది. తెలుసా అని అడుగుతున్నాయి ఆమె కళ్ళు.

"మూసీ అప్పా!" ఆడవాళ్ళ వైపు నుంచి ఇంకో గొంతు. నాంచారమ్మ లేచి నిలబడింది. ఆమెకూ రమణమ్మ వయసే ఉంటుంది. "ఎప్పుడూ మూసీసే గదా సదివీదానివి! నా కోడలు ఎల్లిపోతానన్ననాడు కూడా మూసినావు!"

"మా ఆయన తాగొచ్చినప్పుడు కూడా," అంది వెనకనుంచి ఎవరో. ఆడవాళ్ళ వైపంతా నవ్వు లేచింది. అది కూలీలను చూసి పెద్దమనుషులు నవ్వే నవ్వు కాదు. భాగ్యశ్రీ కూడా మీసం పీకేసి నవ్వుతోంది.

వాళ్ళకు తెలియదని ఇన్నేళ్ళూ భయపడింది రమణమ్మ ఒక్కతే. వాళ్ళందరికీ తెలుసు. ఆమె కాసేపు ఎవరి ముఖమూ చూడలేకపోయింది. కొంగుతో కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుంది. తర్వాత పుస్తకంలో వేలు పెట్టి, మూసి, ఒళ్ళో ఆనించుకుంది.

"ఎక్కడిదాకా సదివినానే?"

"మరిది కాయితం తెచ్చినాడప్పా," అంది సరోజిని.

"ఆఁ. మరిది కాయితం తెచ్చినాడు. కనకాంగి దాని కేసి చూసినాది. మొగుడు పోయినాడు గానీ చేతులెక్కడికీ పోలేదు గదా అనుకున్నాది. తల ఎత్తి చెప్పినాది..."

సరోజిని కుడిచెయ్యి పైకెత్తింది. ఎంత రుద్దినా పోని తెల్లరంగు గోళ్ళలో ఉంది. ఆమె నోరు తెరిచేలోపే ఆడవాళ్ళ వైపు సగం మంది ఆ మాట అనేశారు. మిగతా సగం ఆమెతో కలిసి అన్నారు.

ప్రొఫెసర్ గారు గబగబా పేజీలు తిప్పుతున్నారు. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు. ఫణిశ్రీ వైపు వంగి గొంతు తగ్గించి అడిగారు.

"ఏ పేజీ అమ్మా అది?"

"అందులో లేదు సార్," అంది ఫణిశ్రీ. "వినండి."